యురేనియం, మా ఊరి బోరు నీళ్ళు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో రెండు మూడు నెలలకొకసారి ఒక ఫార్వర్డు తిరుగుతూ ఉంటుంది. "నల్లమలలో యురేనియం తవ్వబోతున్నారు, మన పిల్లలు వంకర కాళ్ళతో పుడతారు, అందరికీ పంపండి" అని. దానికి జవాబుగా ఇంకొకటి కూడా ఖాయంగా వస్తుంది. "అభివృద్ధిని అడ్డుకునే దేశద్రోహులున్నారు జాగ్రత్త, అణువిద్యుత్తే మన భవిష్యత్తు" అని. మూడోది కూడా ఉందండోయ్. శివుడు ఒక్క బాణంతో మూడు పురాలనీ కాల్చాడు కదా, అది అణ్వస్త్రమేనని, అందుకే మా ఊరికి త్రిపురాంతకమని పేరొచ్చిందని :) ఈ మూడో దాని జోలికి నేను పోను. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడూ, చెరువు మధ్యలో బాలాత్రిపురసుందరమ్మా చల్లగా ఉండాలి.

తెలియనివాళ్ళ కోసం: త్రిపురాంతకం అంటే పాత ప్రకాశం జిల్లాకి పడమటి కొసన, గుంటూరు నుంచి వినుకొండ మీదుగా కర్నూలు వెళ్ళే దారిలో ఉండే ఊరు. శ్రీశైలానికి తూర్పు ద్వారం. ఇటు నల్లమల, అటు పల్నాడు. మిర్చి, పత్తి, కంది. వాన పడితే పంట, పడకపోతే హైదరాబాదో, బెంగుళూరో.

నా గొడవేంటంటే, పైన చెప్పిన మొదటి రెండు ఫార్వర్డుల్లోనూ అసలు విషయం లేదు. ఒకళ్ళకి యురేనియం దెయ్యం, ఇంకొకళ్ళకి దేవుడు. ఆ లోహం ఎలా ప్రవర్తిస్తుందో, మన వైపు రాళ్ళలో ఎందుకు ఉందో, దాన్ని తీస్తే ఏం మిగుల్తుందో తెలుసుకుంటే మనం అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని అర్థమవుతుంది. ఆ ప్రశ్న మన బోరు నీళ్ళ గురించి. అది చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడుగే, టీ తెచ్చుకోండి.

అసలు ఏమిటిది?

యురేనియం 92వ మూలకం. 1789లో క్లాప్రోత్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. అంతకి ఎనిమిదేళ్ళ ముందే యురేనస్ గ్రహం దొరికింది కాబట్టి ఆ పేరే పెట్టేశాడు. వందేళ్ళకి పైగా దాన్ని గాజుకి పసుపుపచ్చ రంగు వెయ్యడానికి వాడుకున్నారు. ఆ గాజు సామాన్లు ఇప్పటికీ పాతవస్తువులు పోగేసేవాళ్ళ దగ్గర ఉన్నాయి, అతినీలలోహిత కాంతి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి. 1896లో హెన్రీ బెకరెల్ చీకట్లో ఉంచిన ఫొటో ప్లేటు మీద యురేనియం లవణం తనంతట తనే ముద్ర వేసిందని చూసేదాకా రేడియోధార్మికత అనేదొకటుందని ఎవరికీ తెలీదు.

సీసం కన్నా బరువు. సీసం ఘనసెంటీమీటరుకి 11 గ్రాములైతే ఇది 19. అందుకే శుద్ధిచేశాక మిగిలిన యురేనియాన్ని ఒకప్పుడు విమానాల రెక్కల్లో, తోకల్లో తూకం సరిచెయ్యడానికి బరువు ముక్కలుగా పెట్టేవాళ్ళు. యుద్ధ ట్యాంకుల్ని చీల్చుకుపోయే గుళ్ళలోనూ వాడారు.

ఇక రేడియోధార్మికత. ఇక్కడ చాలామంది తికమక పడతారు. ప్రకృతిలో దొరికే యురేనియంలో 99.3 శాతం యురేనియం-238. దాని అర్ధజీవితకాలం 447 కోట్ల ఏళ్ళు, అంటే దాదాపు భూమి వయసంత. భూమి పుట్టినప్పుడు ఉన్నదాంట్లో ఇప్పటికి సగమే కరిగింది. మరి ఇంత నెమ్మదిగా కరిగేది సెకనుకి ఎన్ని కిరణాలు వదుల్తుంది? గ్రాముకి పన్నెండు వేల చిల్లర ఆల్ఫా కణాలు. వినడానికి ఎక్కువే గానీ, గ్రాము రేడియంతో పోలిస్తే ముప్ఫై లక్షల వంతు తక్కువ. పైగా ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది. మన చర్మం పై పొర కూడా ఆపేస్తుంది. యురేనియం ముక్క చేత్తో పట్టుకుంటే ఎవరూ కుప్పకూలిపోరు.

ఇబ్బంది అది లోపలికి పోతేనే. గాల్లో దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. నీళ్ళలో తాగితే కిడ్నీకి తగుల్తుంది. ఈ రెండోది గుర్తుపెట్టుకోండి. తాగే నీళ్ళలోని యురేనియంతో మొదటి బెడద దాని రేడియోధార్మికత కాదు, రసాయన విషం. సీసం, పాదరసం లాగా అదీ ఒక బరువు లోహం. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు (లీటరుకి 30 మైక్రోగ్రాములు) రసాయన విషాన్ని లెక్కలోకి తీసుకుని పెట్టింది. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60.

ఇంకో గుణం. ఆక్సిజను తక్కువగా ఉన్న చోట యురేనియం రాయిలో కదలకుండా కూర్చుంటుంది. అదే ఆక్సిజనూ బైకార్బనేటూ ఉన్న నీళ్ళు తగిలాయా, కరిగి ఆ నీళ్ళతో బయల్దేరుతుంది. మళ్ళీ ఆక్సిజను లేని చోటు తగిల్తే అక్కడ దిగిపోతుంది. కోట్ల ఏళ్ళపాటు ఇలా కరుగుతూ, దిగుతూ ఒకచోట పోగైతే దాన్నే మనం ఖనిజం అంటాం. కరిగి మన బోరులోకి వస్తే కలుషితం అంటాం. రెండు చోట్లా రసాయనం ఒకటే.

"మనూళ్ళో ఉందా లేదా?"

ఉంది. మీ ఊళ్ళోనూ ఉంది. భూమి పైపొరలో సగటున టన్నుకి 2.7 గ్రాముల యురేనియం ఉంటుంది. వెండి కన్నా ఇదే నలభై రెట్లు ఎక్కువ. ఎకరం చేలో పై అడుగు మట్టి తీసి తూస్తే సుమారు 1,800 టన్నులు. సగటు లెక్కన అందులో నాలుగైదు కిలోల యురేనియం. కాబట్టి ఉందా లేదా అని అడిగి లాభం లేదు, ఎంత చిక్కగా ఉంది అని అడగాలి.

మన వైపు రాళ్ళకి ఒక ప్రత్యేకత ఉంది. కడప, కర్నూలు, ప్రకాశం, పల్నాడు, నల్గొండ దాకా పరుచుకున్న పాత రాతి పళ్ళేన్ని భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అంటారు. వంద కోట్ల ఏళ్ళకి పైబడిన అవక్షేప శిలలు. మనం చిన్నప్పుడు ఓనమాలు దిద్దిన మార్కాపురం పలక ఆ బేసిన్ లోదే. కంభం, మార్కాపురం వైపు నల్లగా పొరలు పొరలుగా ఊడొచ్చే రాయి. నాపరాళ్ళు, ముగ్గురాయి, సున్నపురాయి అన్నీ ఇందులోవే. అదే బేసిన్ అంచుల్లో, పాత గ్రానైటు మీద ఈ అవక్షేపాలు కూర్చున్న చోట, యురేనియం పోగైంది. నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులో అలాగే దొరికింది. పల్నాడులో మాచర్ల దగ్గర కొప్పునూరులోనూ అంతే. కడప జిల్లా తుమ్మలపల్లెలో మాత్రం డోలోమైటు సున్నపురాయిలో పొరలాగా దొరికింది.

అన్నట్టు, ఈ వెతుకులాటంతా చేసే అణు ఖనిజాల డైరెక్టరేటు ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు. మన బేగంపేటలో ఉంది. తవ్వి శుద్ధిచేసిన పసుపుపచ్చటి పొడిని ఇంధనంగా మార్చేది కూడా హైదరాబాదులోనే, 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ మీదుగా రోజూ ఆఫీసుకెళ్ళే మనవాళ్ళు చాలామందికి ఆ గోడ వెనకాల ఏం తయారవుతుందో తెలీదు. ఆ పక్కనున్న ఈసీఐఎల్ ని మొదలుపెట్టిన ఏ.ఎస్.రావు గారి పేరే ఏ.ఎస్.రావు నగర్. మన దేశపు తొలితరం కంప్యూటర్లు చేసిందీ ఆ సంస్థే. అంటే మన ఐటీకి, అణుశక్తికి చుట్టరికం పాతదే.

ఎందుకింత మోజు?

దీనికి లెక్క చెప్తాను, లెక్క లేకుండా నమ్మొద్దు.

యురేనియంలో 0.7 శాతమే యురేనియం-235. న్యూట్రాను తగిల్తే అది రెండు ముక్కలవుతుంది, ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు వదుల్తుంది. అవి పోయి ఇంకొన్నిటిని పగలగొడతాయి. ఈ గొలుసు అదుపు తప్పితే 1945 ఆగస్టు 6న హిరోషిమా. అదుపులో నడిస్తే కైగా, కల్పాక్కం.

మన 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడే ఒక ఇంధన కట్ట అరమీటరు పొడుగుంటుంది. 19 సన్నటి గొట్టాలు, వాటిలో యురేనియం ఆక్సైడు బిళ్ళలు. యురేనియం లోహం లెక్కన 13 కిలోల పైచిలుకు. రియాక్టరులో ఉన్నంతకాలం ఆ ఒక్క కట్ట ఇచ్చే కరెంటు సుమారు 6 లక్షల యూనిట్లు. నెలకి వంద యూనిట్లు వాడే ఇళ్ళు 500 అనుకోండి, వాటికి ఏడాది పాటు సరిపోతుంది. అదే కరెంటు బొగ్గుతో చెయ్యాలంటే యూనిట్ కి 700 గ్రాముల చొప్పున 420 టన్నుల బొగ్గు. మన బొగ్గులో మూడో వంతు బూడిదే కాబట్టి 140 టన్నుల బూడిద. బూడిద చెరువుల పక్కన కాపురమున్నవాళ్ళని అడిగితే దాని సంగతి చెప్తారు.

ఇదే లెక్క రెండోవైపు నుంచి చూద్దాం. తుమ్మలపల్లె ఖనిజంలో యురేనియం ఆక్సైడు 0.04 శాతం. ఆ 13 కిలోల కట్టకి కనీసం 40 టన్నుల రాయి తవ్వాలి, శుద్ధిలో పోయేది కూడా కలుపుకుంటే. ఆ రాయిని పిండిలా నూరి, సోడా కలిపి, ఒత్తిడితో ఉడికించి యురేనియం లాగుతారు. మిగిలింది, అంటే దాదాపు మొత్తం 40 టన్నులూ, బురదగా గొట్టాల్లో వెళ్ళి ఒక చెరువులో పడుతుంది. దాన్నే టెయిలింగ్ పాండ్ అంటారు.

అసలు మడత పేచీ ఇక్కడుంది. యురేనియం కోట్ల ఏళ్ళుగా కరుగుతూ వచ్చింది కదా, ఆ రాయిలో దాని సంతానమంతా ఉంటుంది. థోరియం-230 (అర్ధజీవితకాలం 75 వేల ఏళ్ళు), రేడియం-226 (1,600 ఏళ్ళు), దాన్నుంచి పుట్టే రేడాన్ వాయువు. ఫ్యాక్టరీ వాళ్ళకి కావల్సింది యురేనియం ఒక్కటే. దాన్ని తీసేసుకున్నాక కూడా ఖనిజంలోని రేడియోధార్మికతలో 85 శాతం ఆ బురదలోనే ఉండిపోతుంది. లోహం రైలెక్కి హైదరాబాదు వెళ్తుంది, రేడియం మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. ఇంతకుముందు గట్టి రాయిలో ఉండేది, ఇప్పుడు పిండిలో ఉంటుంది. పిండి గాలికి లేస్తుంది, నీటికి కదుల్తుంది. ఆ చెరువుకి కింద వేసిన పొర ఎంత గట్టిదో, కట్ట ఎంత గట్టిదో, అంతవరకే మన భద్రత.

ఇప్పటిదాకా ఏం జరిగింది?

2003 ఆగస్టులో లంబాపూర్, పెద్దగట్టు గనుల మీద నల్గొండ జిల్లాలో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అది నాగార్జునసాగర్ జలాశయానికి ఆనుకున్న చోటు. హైదరాబాదుకి కృష్ణ నీళ్ళిచ్చే అక్కంపల్లి రిజర్వాయరు కూడా ఆ చుట్టుపక్కలే. జనం గట్టిగా వ్యతిరేకించారు. ఆ గని ఇప్పటికీ తెరుచుకోలేదు.

తుమ్మలపల్లెకి 2007 నవంబరులో శంకుస్థాపన జరిగింది, 2012లో పని మొదలైంది. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49 వేల టన్నులు నిర్ధారణ అయ్యిందని, మూడింతలు కూడా ఉండొచ్చని ప్రకటించారు. 2018, 2019 వచ్చేసరికి టెయిలింగ్ పాండ్ దగ్గరి ఊళ్ళ రైతులు బోర్ల నీళ్ళు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని రోడ్డెక్కారు. చెరువు అడుగున వెయ్యాల్సిన పొర సరిగ్గా వెయ్యలేదన్నది వాళ్ళ ఆరోపణ. మా వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ అంది. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది, కమిటీలు వచ్చాయి, నమూనాలు తీసుకెళ్ళాయి.

2019లోనే అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకి కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నాలుగు వేల బోర్లు వెయ్యాలన్నది ప్రతిపాదన. చెంచులు అడ్డం నిలబడ్డారు, ఊళ్ళు బందులు చేశాయి, సినిమావాళ్ళు ట్వీట్లు పెట్టారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది. కృష్ణకి ఇవతల మా మార్కాపురం అటవీ డివిజన్ కూడా అదే నల్లమల, అవే పులులు. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో బోర్లు వేస్తారని తెలిసి అక్కడి జనం హైవే మీద కూర్చుంటే ప్రభుత్వం ఆపుతున్నామని చెప్పింది.

వీటన్నిటిలో ఒక విషయం మీరు గమనించారా? తుమ్మలపల్లె రైతు "ముందు నా నీళ్ళు బాగుండేవి" అంటాడు. సంస్థ "ఇక్కడి నీళ్ళు మొదట్నించీ ఇంతే" అంటుంది. ఇద్దర్లో ఎవరిది నిజమో తేల్చాలంటే గని రాకముందు ఆ రైతు బోరులో ఏముందో లెక్క కావాలి. ఆ బోరుది, ఆ సర్వే నంబరుది, ఆ సంవత్సరానిది. ప్రాజెక్టు నివేదికల్లో కొన్ని నమూనాల లెక్కలుంటాయి. కానీ రైతు చేతిలో తన బోరు కాగితం ఉండదు. కాగితం లేనివాడు ఏమన్నా అది ఆరోపణే.

మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షనులో మార్పు పెట్టేముందు మెట్రిక్స్ తీసి పెట్టుకోకపోతే, తర్వాత సర్వరు నెమ్మదించినప్పుడు ఎవరి కోడు వల్లో తేలదు. కాన్ఫరెన్సు కాల్ లో గట్టిగా అరిచినవాడిదే గెలుపు. ఆ కాల్స్ లో కూర్చున్న అనుభవం మనందరికీ ఉంది. అక్కడ పోయేది మహా అయితే ఒక వీకెండు. ఇక్కడ పోయేది కిడ్నీ.

రెండు వాదనలు

నా టీములో ఒక కుర్రాడున్నాడు, తెలివైనవాడు. వాడంటాడు: "అన్నా, మనం రోజంతా క్లౌడు, ఏఐ అంటాం. 2024లో మైక్రోసాఫ్ట్ తన డేటా సెంటర్ల కోసం త్రీమైల్ ఐలాండ్ రియాక్టరుని మళ్ళీ తెరిపించడానికి ఒప్పందం చేసుకుంది. గూగుల్ 2025లో విశాఖకి గిగావాట్ డేటా సెంటరు ప్రకటించింది. 2047 కల్లా 100 గిగావాట్ల అణువిద్యుత్తు అని మన బడ్జెట్లోనే చెప్పారు. కరెంటు కావాలి, గని వద్దు అంటే ఎలా?"

వాడిది న్యాయమైన ప్రశ్నే. నేను అణువిద్యుత్తుకి వ్యతిరేకిని కాను. పైన బొగ్గు లెక్క చూశారుగా, పొగా బూడిదా లేకుండా రాత్రీ పగలూ నడిచే కరెంటు ఇంకెన్ని రకాలుగా వస్తుంది? ప్రస్తుతం మన దేశపు కరెంటులో దాని వాటా 3 శాతం దగ్గరే ఉంది. పెరగాల్సిందే అనుకుంటాను. కానీ కరెంటు గ్రిడ్డులో పడితే దేశమంతా పంచుకుంటుంది, బురద మాత్రం ఒక్క ఊరే ఉంచుకుంటుంది. ఆ ఊరికి ఏం కావాలో అడిగే హక్కు కరెంటు వాడుకునే మనకన్నా దానికే ఎక్కువ. గచ్చిబౌలిలో కూర్చుని "దేశం కోసం" అనడం తేలిక.

రెండో వాదన మా పెదనాన్నది. మొన్న సంక్రాంతికి వెళ్తే అరుగు మీద కూర్చోబెట్టి అడిగాడు. "ఒరే అబ్బాయా, ఏందో తవ్వుతారంటగా. మన మెట్ట చేనుకి రేటొచ్చిద్దంటావా?" నేను కిడ్నీలు, రేడియం అని మొదలుపెట్టబోతే ఆపేశాడు. "ఇప్పుడు మాత్రం ఏం బాగుండాయిరా నీళ్ళు? మోకాళ్ళు చూడు నాయి. ఎనిమిది వందల అడుగులేస్తే తడి రాలా. ఆ చేను ఉంచుకుని ఏం చేస్తారు మీరు, వచ్చి దున్నుతారా?"

నా దగ్గర జవాబు లేదు. చేను దున్నడానికి నేను రాను, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆయన మోకాళ్ళ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే అది ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

1937 నుంచి

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని మొట్టమొదట వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో, మద్రాసు రాష్ట్రం నెల్లూరు జిల్లా నుంచి. పాత ప్రకాశంలోని కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. ప్రకాశం జిల్లా 1970లో కదా పుట్టింది. మా మార్కాపురం, గిద్దలూరు అప్పటిదాకా కర్నూలులో ఉండేవి. అంటే జిల్లా పుట్టకముందే దాని జబ్బు పుట్టిందన్నమాట.

దాదాపు తొంభై ఏళ్ళు. పళ్ళ మీద గార, వంగిపోయిన నడుములు, లేవలేని మోకాళ్ళు. కారణం తెలుసు, హద్దు తెలుసు (లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు), మందు కూడా తెలుసు, మంచి నీళ్ళివ్వడమే. వెలిగొండ సొరంగాల గురించి నేను బళ్ళో చదువుకునేటప్పటి నుంచి వింటున్నాను. ఇప్పటికీ మా ఇళ్ళలో తాగడానికి క్యాన్ కొనుక్కుంటాం, వంటకి బోరు నీళ్ళే వాడతాం. ఫ్లోరైడు మరిగిస్తే పోదు. ఇంకాస్త చిక్కబడుతుంది.

కాబట్టి "యురేనియం వస్తే పర్యవేక్షిస్తాం, ప్రమాణాలున్నాయి, కంగారు పడకండి" అని ఎవరైనా చెప్తే మా వైపు జనం నమ్మకపోవడానికి రేడియేషన్ భయం ఒక్కటే కారణం కాదు. ఫ్లోరైడుకీ ప్రమాణాలున్నాయి మరి.

ఇంకో సంగతి. యురేనియం నీళ్ళలోకి రావడానికి గని అక్కర్లేదు. 2018లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు మన దేశంలో 16 రాష్ట్రాల భూగర్భ జలాల్లో హద్దు దాటిన యురేనియం ఉన్న చోట్లున్నాయని రాశారు. మూలం చాలావరకు రాయే. కానీ నీటిమట్టం దిగిపోవడం, ఎరువుల నుంచి దిగే నైట్రేట్లు దాన్ని ఇంకా కరిగిస్తున్నాయని వాళ్ళ అంచనా. పైన చెప్పిన రసాయనమే: ఆక్సిజనూ బైకార్బనేటూ తగిలితే బయల్దేరుతుంది. ఎనిమిది వందల అడుగుల బోర్లు వేసుకుంటూ పోతున్న మా వైపు గని రాకపోయినా ఈ పరీక్ష అవసరమే.

మరేం చెయ్యాలి?

సంక్రాంతి నుంచి వచ్చేటప్పుడు మా ఇంటి బోరు నీళ్ళు రెండు సీసాల్లో పట్టుకొచ్చి హైదరాబాదులో ఒక ల్యాబులో ఇచ్చాను. మామూలు నీటి పరీక్షలో యురేనియం ఉండదు, ప్రత్యేకంగా అడగాలి. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా అని, ఆ గుర్తింపులో యురేనియం పరీక్ష కూడా ఉందా అని చూసుకుని ఇవ్వాలి. సీసా ఎలా కడగాలో, అందులో ఆమ్లం చుక్కలు వెయ్యాలో లేదో వాళ్ళే చెప్తారు. ఫలితం వచ్చింది: యురేనియం హద్దు లోపల, ఫ్లోరైడు హద్దు పైన. అమ్మకి ఫోను చేసి చెప్తే ఒకటే మాట అడిగింది. "అయితే తాగొచ్చా, తాగకూడదా?" తాగొద్దు, వంటకి కూడా వాడొద్దు అన్నాను. "మరి వంటకి నువ్వు పంపిస్తావా నీళ్ళు?" అంది. ఇప్పుడు వంటకి కూడా క్యాన్ వేయిస్తున్నాను.

ఒక్క బోరు ఫలితంతో ఊరి గురించి ఏమీ చెప్పలేం. పక్కింటి బోరు వేరే పగులులోంచి నీళ్ళు తెచ్చుకుంటుంది. అందుకే ఒక్కళ్ళు చేస్తే చాలదు.

నాకు కావల్సినవి నాలుగే. ఒకటి, నల్లమల చుట్టూ ఏ ఊళ్ళోనైనా అన్వేషణ బోరు వేసే ముందు ఆ ఊరి తాగునీటి బోర్లన్నిటిలో యురేనియం, రేడియం, ఫ్లోరైడు, నైట్రేటు పరీక్ష చేసి, బోరు వారీగా ఆ కాగితం ఇంటివాళ్ళ చేతికివ్వాలి, పంచాయతీ గోడ మీద అంటించాలి. రెండు, ఆ పరీక్ష తవ్వే సంస్థ చెయ్యకూడదు. మన కోడ్ మనమే రివ్యూ చేసుకుంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మూడు, వేసిన ప్రతి అన్వేషణ బోరునీ సిమెంటుతో మూసి, ఎక్కడుందో నమోదు చెయ్యాలి, లేకపోతే పైనీళ్ళూ కిందినీళ్ళూ కలవడానికి అదే దారి. నాలుగు, టెయిలింగ్ పాండ్ అన్నమాట వస్తే అది గని మూసిన తర్వాత ఎవరిది, ఎన్నాళ్ళు కాస్తారు, డబ్బు ఎక్కడుందో ముందే రాసివ్వాలి. రేడియం 1,600 ఏళ్ళకి సగమవుతుంది. మా ఊరి గుళ్ళోని కాకతీయుల శాసనాలకి ఇంకా ఎనిమిది వందల ఏళ్ళే.

ఇవన్నీ చేశాక కూడా ఊరు వద్దంటే వద్దనే. చెయ్యకుండా అడిగితే మాత్రం "అవును", "కాదు" అనే రెండు మాటలకీ అర్థం లేదు. తెలియని నీళ్ళ మీద ఎవరైనా ఏమని సంతకం పెడతారు?

ప్రభుత్వం చేసేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళలో, ఆ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళం తక్కువమందేం కాదు. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు మీ ఇంటి బోరు నీళ్ళు ఒక సీసా తీసుకురండి. పరీక్ష చేయించండి. తేదీ, బోరు లోతు, ఏ నెలలో పట్టారో కూడా కాగితం మీద రాయండి, వానాకాలం నీళ్ళకీ ఎండాకాలం నీళ్ళకీ తేడా ఉంటుంది. ఒక కాపీ ఇంట్లో పొలం పాసుపుస్తకంతో పాటు పెట్టండి. ఇంకొకటి నాకు పంపితే ఊరి వారీగా ఒక స్ప్రెడ్ షీట్ లో వేస్తాను, పేర్లు లేకుండా. ఇప్పటికి అందులో ఒకే ఒక వరస ఉంది, మా అమ్మ బోరుది.